కూర్మగ్రామం చూసి రండి... కానీ ఏం అడగాలో తెలుసుకుని వెళ్లండి!

ఉత్తరాంధ్ర కుర్రాళ్ల బైక్ ట్రిప్పుల్లో ఈమధ్య అరకు, లంబసింగితో పాటు మరో పేరు చేరింది. కూర్మగ్రామం. శ్రీకాకుళం జిల్లా హిరమండలం మండలం అంతకాపల్లి దగ్గర ఇస్కాన్ భక్తులు 2018లో కట్టుకున్న ఊరిది. సుమారు 60 ఎకరాలు. కరెంటు లేదు, ఫ్యాన్ లేదు, సెల్‌ఫోన్ లేదు. సిమెంటు, ఇనుము వాడకుండా మట్టి, ఇసుక, సున్నంతో పాటు బెల్లం, మెంతులు లాంటివి కలిపి ఇళ్లు కట్టుకున్నారు. తెల్లవారుజామునే లేస్తారు. తినేది పండించుకుంటారు, కట్టుకునేది నేసుకుంటారు. పిల్లలకు గురుకులం ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వచ్చినవాళ్లూ, విదేశీయులూ అక్కడ కనిపిస్తారు.

డిగ్రీ చేతిలో పట్టుకుని నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసే కుర్రాడికి ఆ చివరి మాటే గట్టిగా తగులుతుంది. ‘లక్షల జీతం వదిలేసి వాళ్లే ఇక్కడికొచ్చేశారు. మరి మనం ఎందుకింత పరుగెత్తడం?’ అనిపిస్తుంది. అనిపించడంలో తప్పులేదు. ‘ప్యాకేజీ ఎంత?’ అని ఎవరూ అడగని ఊరు ఒక్క పూటైనా హాయిగానే ఉంటుంది. అయితే ఆ ప్రశ్నకు జవాబు వెతికేముందు మన జిల్లానే ఓసారి చూడాలి.

వదులుకోవడం వేరు, లేకపోవడం వేరు

కూర్మగ్రామం మొదలైన ఆ 2018లోనే అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఒకే జిల్లా, ఒకే ఏడాది. ఒకచోట కరెంటు వద్దనుకున్నారు, ఇంకోచోట కరెంటు ఎప్పుడొస్తుందా అని కళ్లు కాయలు కాచేలా చూశారు.

ఆ నవంబరులోనే గుజరాత్ తీరంలో వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్థాన్‌కు చిక్కారు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చారు. సముద్రం పక్కనే ఉన్న ఊరిని వదిలి అంతదూరం పోయింది సరదాకి కాదు, ఇక్కడ బతుకు గడవకే. అంతెందుకు, కూర్మగ్రామం ఉన్న హిరమండలంలోనే వంశధార జలాశయం కోసం ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. వాళ్లనెవరూ ‘మీకే జీవితం కావాలి?’ అని అడగలేదు.

ఉద్యోగం చేసి, నాలుగు రాళ్లు వెనకేసుకుని, నచ్చక వచ్చేసినవారిది ఎంపిక. వెనక్కి వెళ్లాలంటే వాళ్లకు దారి ఉంది. చేతిలో ఇంకా ఏమీ లేనివాడు అదే మాట అంటే, దాని వెనక చాలాసార్లు ఉండేది భయమే. మొన్న పోయిన ప్రిలిమ్స్, తేలిపోయిన ఇంటర్వ్యూ అలా మాట్లాడిస్తాయి. అమ్మానాన్న కూలికెళ్లి చదివించిన ఇంట్లో ఆ తేడా తెలియకపోతే నష్టపోయేది ఇంటిల్లిపాదీ.

దారిలో పొందూరు, బుడితి

అక్కడ మగ్గం తిరగడం చూసి మురిసిపోయి వీడియో తీద్దామనుకునేవాళ్లు తిరుగుదారిలో పొందూరులో ఆగరేం? వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి, రాట్నంపై సన్నటి నూలు వడికే ఊరది. అక్కడ వడికేవాళ్లలో ఎక్కువమంది పెద్దవయసు ఆడవాళ్లే. కూలి గిట్టుబాటు కాక పిల్లలు ఆ పనిలోకి రావడం లేదు. హిరమండలం పక్కనే సారవకోట మండలంలో బుడితి ఉంది. ఇత్తడి, కంచు సామాన్లకు పేరుమోసిన ఊరు. విజయనగరం వైపు వస్తే పనస దుంగను తొలిచి చేసే బొబ్బిలి వీణ.

ఇవన్నీ చేతిపనులే. కూర్మగ్రామంలో చేత్తో పనిచేస్తే గౌరవం, పొందూరులో చేస్తే చాలీచాలని కూలి. ఈ తేడా ఎందుకొచ్చిందో ఆలోచించడం కామర్స్, మేనేజ్‌మెంట్ చదివేవాళ్లకు మంచి ప్రాజెక్టు. డిజైన్, ఆన్‌లైన్ అమ్మకం, ప్యాకింగ్, ఎగుమతి కాగితాలు... ఈ పనులు తెలిసిన చదువుకున్న కుర్రాళ్లే ఆ ఊళ్లకు ఇప్పుడు కావాలి. పది పాసైనవాళ్లకు వెంకటగిరిలోని చేనేత సాంకేతిక సంస్థలో డిప్లొమా ఉంది. మన జిల్లాల పిల్లల్లో దాని పేరు విన్నవాళ్లు ఎందరు?

అక్కడి నుంచి తెచ్చుకోవాల్సింది

నమ్మకాల సంగతి ఎవరిష్టం వాళ్లది. ఆ ఊరి దినచర్య మాత్రం పోటీ పరీక్షలు రాసే ఎవరికైనా పనికొస్తుంది. నిద్ర లేవడానికి ఒక వేళ, పనికి ఒక వేళ, చేతిలో ఫోన్ లేని గంటలు. గ్రూప్-2కి చదివేవాడు రోజూ ఉదయం మూడు గంటలు ఫోన్ పక్క గదిలో పెట్టి కూర్చుంటే చాలు, కోచింగ్ ఫీజు కట్టినా దొరకని ఏకాగ్రత దొరుకుతుంది. దానికోసం కరెంటు తీయించక్కర్లేదు.

వెళ్తే మర్యాదగా వెళ్లండి. అది టూరిస్ట్ స్పాట్ కాదు, మనుషులు బతికే ఊరు. అనుమతి అడగండి, ఫోన్ తీయకండి. ‘ఇలా ఎలా బతుకుతున్నారు?’ అని అందరూ అడిగేదే. మీరు మాత్రం ‘ఇక్కడికి రాకముందు ఏం నేర్చుకున్నారు, అందులో ఇక్కడ ఏది పనికొచ్చింది?’ అని అడగండి. మీకు కావాల్సిన జవాబు అందులో ఉంటుంది.

ముందు చేతికో పని, కాళ్ల కింద కాస్త నేల సంపాదించుకోండి. ఆ తర్వాత పట్నంలో ఉంటారో, మట్టింట్లో ఉంటారో మీ ఇష్టం. అప్పుడది నిజంగా మీ ఇష్టమే అవుతుంది.