ఎనీ డౌట్స్?

మన కాలేజీలో రోజూ ఎక్కువగా వినపడే ఇంగ్లీషు మాట ఏదని నన్నడిగితే, 'అటెండెన్స్' తర్వాత 'డౌట్' అనే చెప్తాను. "సార్, చిన్న డౌట్." "ఒరేయ్, నాకు కొన్ని డౌట్స్ ఉన్నాయి, లైబ్రరీకి రా." "వాడు ట్రిప్‌కి వస్తాడా? డౌటే." "ఏంటి, నా మీద డౌటా?" ఈ నాలుగు ముక్కల్లోనే ఆ మాట మూడు పనులు చేసేసింది. మొదటి రెండు చోట్ల అర్థం కాని విషయం, మూడో చోట నమ్మకం లేకపోవడం, నాలుగో చోట అనుమానం. అది చాలక సరదాకి 'డౌటనుమానం' అని కూడా అంటుంటాం.

ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో ఈ మాట మీద పెద్ద దాడే జరిగింది. 'ఐ హేవ్ ఎ డౌట్' అనేది తప్పు ఇంగ్లీషు, 'ఐ హేవ్ ఎ క్వశ్చన్' అనాలి అని మాకు క్లాసు తీసుకున్న ట్రైనర్ చెప్పారు. ఆయన చెప్పింది సగం నిజం. ఇంగ్లండ్, అమెరికా వాళ్ళకి డౌట్ అంటే ముఖ్యంగా నమ్మకం కుదరకపోవడమే. రేపు మీటింగ్‌లో అక్కడి క్లయింట్‌తో "మీ డిజైన్ మీద నాకో డౌట్ ఉంది" అని ఇంగ్లీషులో అంటే, "మీ డిజైన్ మీద నాకు నమ్మకం లేదు" అని ఆయన చెవిన పడొచ్చు. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి ఈ సంగతి తెలియాలి. కానీ 'తప్పు' అన్నారు చూడండి, నా పేచీ అక్కడే.

ఈ మాట లాటిన్‌లోని 'దుబితారే' నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. అదే లాటిన్ మాట నుంచి స్పానిష్‌లో 'దూదా' పుట్టింది. స్పానిష్ పిల్లలు క్లాసులో చెయ్యెత్తి "తెంగో ఉన దూదా" అంటారు. అంటే అచ్చంగా "నాకో డౌట్ ఉంది" అనే. వాళ్ళని ఎవరూ తప్పనరు. మన దగ్గరా అంతే. తెలుగులో 'సందేహం' అంటే అపనమ్మకమూ కావచ్చు, తెలుసుకోవాలని అడిగేదీ కావచ్చు. పత్రికల్లో 'ధర్మసందేహాలు' శీర్షికకి ఉత్తరం రాసేవాళ్ళు ధర్మం మీద నమ్మకం లేక రాయరు కదా! ఆ సందేహానికే మనం డౌట్ అని ఇంగ్లీషు చొక్కా తొడిగాం. చొక్కా మనకి సరిపోయింది కూడా.

ఇంగ్లీషు డౌట్‌లో ఉన్న 'బి' సంగతి కూడా తమాషాగా ఉంటుంది. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు స్పెల్లింగులో ఆ అక్షరం లేదు. లాటిన్ మూలం కనపడాలని తర్వాత పండితులు పట్టుకొచ్చి పెట్టారు. అప్పట్నుంచి అది మా క్లాసులో వెనక బెంచీలాగా అటెండెన్స్‌కి ఉంటుంది, నోరు మాత్రం విప్పదు. నాకు ఇంకా నచ్చిన విషయం వేరే ఉంది. పాత ఫ్రెంచిలోనూ, పాత ఇంగ్లీషు వాడుకలోనూ ఈ మాటకి 'భయం' అనే అర్థం కూడా ఉండేది. డిక్షనరీల్లో ఆ అర్థం పాతబడిపోయింది. మన క్లాసురూముల్లో మాత్రం ఇంకా చెల్లుబాటవుతూనే ఉంది.

నా అసలు బాధ ఇది. క్లాసు ఆఖరి రెండు నిమిషాల్లో "ఎనీ డౌట్స్?" అని వినపడుతుంది. అరవై మంది, నిశ్శబ్దం. ఎందుకంటే మన వాడుకలో డౌట్ అంటే 'నాకు అర్థం కాలేదు' అని ఒప్పుకోవడం. లోపం పాఠంలో ఉండదు, పుస్తకంలో ఉండదు, అడిగినవాడి బుర్రలోనే ఉంటుంది. అందుకే చెయ్యెత్తే ముందే "చిన్న డౌట్" అని దాన్ని మనమే కుదించేస్తాం. పెద్ద డౌట్ అన్నవాణ్ణి నేను ఇంతవరకూ చూళ్ళేదు.

ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో బ్యాంకర్స్ అల్గారిథమ్ తీసుకోండి. "నీడ్ మ్యాట్రిక్స్ ఎలా వచ్చింది?" అనేది డౌట్. మ్యాక్సిమంలోంచి అలొకేషన్ తీసేస్తే వస్తుంది, క్లియర్. "తనకి గరిష్ఠంగా ఎంత కావాలో ప్రతి ప్రాసెస్ ముందే చెప్పాలి అంటున్నారు, నిజంగా ఏ ప్రోగ్రామ్ చెప్తుంది?" అనేది ప్రశ్న. ఇది పాఠాన్నే నిలదీస్తుంది. మామూలు ఆపరేటింగ్ సిస్టమ్స్ ఈ అల్గారిథమ్ జోలికి ఎందుకు పోవో దీంతోనే తెలుస్తుంది. రెండూ కావాలి. మొదటిది మార్కులకి పనికొస్తుంది, రెండోది ఇంజనీర్‌ని చేస్తుంది. మన దగ్గర మొదటిదానికి సిగ్గు, రెండోదానికి పేరే లేదు.

మన పాతవాళ్ళకి ఈ సిగ్గు లేదు. న్యాయదర్శనంలో చెప్పిన పదహారు పదార్థాల్లో మూడోది సంశయం. చీకట్లో దూరంగా కనపడేది మోడా, మనిషా అన్న ఊగిసలాట లేకపోతే దగ్గరికెళ్ళి చూడటమే ఉండదు. అంటే వాళ్ళ లెక్కలో డౌట్ అనేది విచారణ మొదలయ్యే చోటు.

ఇప్పుడు చాలామంది డౌట్స్‌ని రాత్రి పూట చాట్‌బాట్‌ని అడుగుతున్నాం. అది నవ్వదు, విసుక్కోదు. మంచిదే. కానీ అక్కడ అడిగింది నీ ఒక్కడికే తెలుస్తుంది. క్లాసులో పైకి అడిగితే, అదే అర్థంకాక తల వంచుకుని కూర్చున్న ఇంకో పదిమందికి కూడా జవాబు దొరుకుతుంది. అందులో ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషు వాక్యం కుదరక ఆగిపోయినవాళ్ళూ ఉంటారు. నాకు చిన్నప్పట్నుంచీ ఇంగ్లీషు మీడియమే కాబట్టి వాక్యం కుదురుతుంది. కుదిరే నాలాంటివాళ్ళు ముందు అడగాలి, అదీ అప్పుడప్పుడు తెలుగులోనే అడగాలి. అలా అడిగితే తెలుగులోనూ అడగొచ్చని మిగతావాళ్ళకి ధైర్యం వస్తుంది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. లెక్చరర్లకి నా మనవి ఒక్కటే. "ఎనీ డౌట్స్?" అన్నాక "ఈ పాఠంలో మీకు నచ్చనిదేంటి?" అని కూడా అడిగి, ఇంకో నిమిషం ఆగండి. ట్రైనర్లకి కూడా ఒక మాట. క్లయింట్ దగ్గర క్వశ్చన్ అనడం నేర్పండి, నేర్చుకుంటాం. డౌట్‌ని మాత్రం చూసి నవ్వకండి. ఎంతో కష్టం మీద ఒకడి నోట్లోంచి బయటికొచ్చిన మాట అది.