మేనమామ పెదవి మీద పొక్కు

పోయిన నెల మా అక్క కూతురి బారసాల. సొంత మేనమామని నేనొక్కణ్ణే. శుక్రవారం రాత్రి తణుకు బస్సుకి టికెట్ బుక్ చేశాను, వెండి పట్టీలు కొన్నాను. బుధవారం పొద్దున పళ్లు తోముకుంటుంటే కింది పెదవి మూల చురుక్కుమంది. సాయంత్రానికి నాలుగు నీటిపొక్కులు, గుత్తిగా.

ఇది నాకు కొత్తేం కాదు. ఇంటర్ నుంచీ ఏడాదికో రెండేళ్లకో ఒకసారి పలకరిస్తూనే ఉంది. అప్పట్లో పరీక్షల ముందు, ఇప్పుడు రిలీజ్ వారంలో. అమ్మమ్మ 'ఏదో పురుగు పాకింది' అనేది. అమ్మ 'వేడి చేసింది' అని మజ్జిగ తాగించేది. మెడికల్ షాపతను ఏమీ అనకుండా ఎసైక్లోవిర్ ట్యూబు చేతిలో పెట్టేవాడు. ముగ్గురిలో ఎవరూ దాని అసలు పేరు చెప్పలేదు. హెర్పిస్. ఆ మాట వినగానే మనకి డాక్టరు తలుపేసి గుసగుసగా చెప్పే రోగం గుర్తొస్తుంది. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 50 ఏళ్లలోపు వాళ్లలో 380 కోట్ల మంది ఒంట్లో ఈ వైరస్ టైప్ 1 ఉంది. అంటే నూటికి 64 మంది. చాలామందికి చిన్నప్పుడే, ఎవరో ప్రేమగా పెట్టిన ముద్దుతోనే వచ్చి ఉంటుంది. ఉన్నట్టు కూడా తెలీదు.

ఎందుకైనా మంచిదని అక్కకి ఫోన్ చేశాను. అక్క పిల్లల డాక్టర్ని అడిగింది. జవాబు ఒక్క ముక్కలో వచ్చింది: పొక్కు ఎండి, పెచ్చు రాలిపోయేదాకా పాప దగ్గరికి రావద్దు. మనకి పెదవి మీద మంటగా ఉండే ఈ వైరస్, నెల కూడా నిండని పసిగుడ్డుకి మెదడుకో కాలేయానికో పాకిందంటే ప్రాణం మీదికొస్తుంది. ఇలాంటి కేసుల్లో ఎక్కువ భాగం కాన్పు సమయంలో తల్లి నుంచి వచ్చేవే. కానీ పదింట ఒకటి దాకా పుట్టాక అంటుకునేవి, ముద్దులు పెట్టే చుట్టాల పుణ్యమా అని.

టికెట్ క్యాన్సిల్ చేసి, ఆ రాత్రి నిద్ర పట్టక దీని గురించి చదువుతూ కూర్చున్నాను. ఈ వారం కాలమ్ అదే.

మన కణాల పైన చక్కెర గొలుసుల్లాంటి నూగు ఉంటుంది, పేరు హెపరాన్ సల్ఫేట్. వైరస్ ముందు దానికి తగులుకుంటుంది. తర్వాత దాని పైపొరలోని జీడీ అనే ప్రొటీన్, కణం మీద నెక్టిన్ అనే ప్రొటీన్‌ని వెతికి పట్టుకుంటుంది. నెక్టిన్లు ఉన్నది నిజానికి పక్కపక్క కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటానికి. ఇరుగుపొరుగు చేతులు కలుపుకునే చోటే దొంగ చెయ్యి కలిపాడన్నమాట. ఆ పట్టు దొరకగానే ఇంకో రెండు మూడు ప్రొటీన్లు కదిలి, వైరస్ పొరనీ కణం పొరనీ ఒకటిగా కలిపేస్తాయి. లోపలున్న గట్టి డొల్ల కణంలోకి జారుతుంది. కణం తన సరుకులు మోసుకోవడానికి వేసుకున్న పట్టాలెక్కి, దాని మోటారు ప్రొటీన్లనే వాడుకుని కేంద్రకం దాకా వెళ్తుంది. అక్కడి రంధ్రానికి ఆనుకుని, లక్షా యాభై రెండు వేల అక్షరాల డీఎన్ఏని లోపలికి చిమ్ముతుంది. వెంట తెచ్చుకున్న ఒక ప్రొటీన్ వైరస్ జన్యువుల్ని ఆన్ చేస్తుంది. ఇంకోటి కణం రాసుకున్న ఆర్డర్ల కాగితాల్ని చించి పోగులు పెడుతుంది. ఇక ఫ్యాక్టరీ వైరస్‌ది. కణం చచ్చి, కొత్త వైరస్‌లు బయటికొస్తే మనకి కనిపించేది ఆ పొక్కు.

పొక్కు మానుతుంది, వైరస్ పోదు. నరం కొసలోంచి పాక్కుంటూ వెళ్లి, పుర్రె లోపల ముఖం నరాల ముడిలో పడుకుంటుంది. దాదాపు ఏ ప్రొటీనూ తయారు చెయ్యదు. కాబట్టి మన రోగనిరోధక శక్తికి గానీ మందుకి గానీ చిక్కదు. జ్వరమో, ఎండో, ఒత్తిడో తగిలితే లేస్తుంది.

ఇక మందు. ఎసైక్లోవిర్ కథలో నాకు బాగా నచ్చిన మనిషి గెర్ట్రూడ్ ఎలియన్. ఆడపిల్లని ల్యాబ్‌లో ఎందుకు పెట్టుకోవాలన్న రోజుల్లో ఆవిడ ఒక ఆహార కంపెనీలో ఊరగాయల పులుపు పరీక్షించే ఉద్యోగం చేసింది. పీహెచ్‌డీ పూర్తి చెయ్యలేదు. 1988లో నోబెల్ వచ్చింది. అప్పటిదాకా వైరస్‌ని చంపే మందంటే కణానికీ విషమే అనుకునేవారు. 1970ల్లో బరోస్ వెల్‌కమ్ కంపెనీలో హోవర్డ్ షేఫర్, ఎలియన్ బృందం తెచ్చిన ఈ మందు తెలివి ఎక్కడుందంటే, ఇది ఊరికే తిరిగే ఉత్త గుండు. దానికి మందుగుండు దట్టించేది వైరసే. వైరస్‌కి థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైమ్ ఉంది, అది ఎసైక్లోవిర్‌కి మొదటి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. మిగతా రెండూ కణం తగిలిస్తుంది. అప్పుడది డీఎన్ఏ అక్షరంలా వేషం వేసుకుని, కొత్తగా అల్లుతున్న గొలుసులో దూరుతుంది. తర్వాతి అక్షరం తగులుకోవడానికి దానికి కొక్కెం లేదు. గొలుసు అక్కడితో ఆగిపోతుంది. వైరస్ లేని కణంలో మందుకి పెద్దగా పనే ఉండదు.

మరి వైరస్ దీన్ని ఎలా తప్పించుకుంటుంది? కొత్త ఆయుధమేం కాదు, ఉన్నదాన్నే పారేస్తుంది. ఆ కైనేజ్ జన్యువులో ఒకచోట జీ అక్షరం వరసగా ఏడుసార్లు వస్తుంది. కాపీ చేసేటప్పుడు లెక్క తప్పడం అక్కడ తేలిక. ఏడు ఎనిమిదైతే ఆ తర్వాతదంతా ఒక అక్షరం పక్కకి జరిగి, ఎంజైమ్ పనికిరాకుండా పోతుంది. (ఒకటి ఎక్కువో తక్కువో లెక్కపెట్టి సర్వర్ పడగొట్టినవాణ్ణి, నాకీ బాధ తెలుసు.) మందుకి లొంగని వైరస్‌లలో నూటికి 95 దాకా ఇలా కైనేజ్ దగ్గర మారినవే. మిగతావి డీఎన్ఏని అల్లే పాలిమరేజ్‌లో మారినవి.

అయితే ఆ ఎంజైమ్ పోగొట్టుకున్న వైరస్ నరాల ముడిలోంచి లేవలేక తడబడుతుంది. నరకణం విభజన చెందదు, డీఎన్ఏకి కావాల్సిన సరుకు అక్కడ తక్కువ, సొంత కైనేజ్ లేకపోతే కష్టం. అందుకే ఎసైక్లోవిర్ ఇన్ని దశాబ్దాలుగా వాడుతున్నా, ఆరోగ్యవంతుల్లో మొండి వైరస్ నూటికి ఒకటి కూడా లేదు. కష్టమల్లా ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్నవాళ్లకీ, రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవాళ్లకీ. వాళ్లలో వైరస్ ఆగకుండా పెరుగుతూ ఉంటుంది, మందూ నెలల తరబడి నడుస్తుంది. లెక్క తప్పిన కాపీలకి అదే అదను. నూటికి ఐదుగురికి, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువమందికి, మందు పనిచెయ్యదు. అప్పుడు ఫాస్కార్నెట్ ఎక్కించాలి. అది కైనేజ్ అవసరం లేకుండా నేరుగా పాలిమరేజ్‌ని అడ్డుకుంటుంది, కానీ కిడ్నీల మీద భారం. డీఎన్ఏ జంట పేటల్ని విడదీసే యంత్రాన్నే ఆపే కొత్త రకం మందులూ వస్తున్నాయి. వాటిలో అమెనామెవిర్‌ని 2017లో జపాన్ సర్పికి అనుమతించింది, సర్పి ఈ వైరస్ చుట్టం చేసే పనే.

అంటే నా ట్యూబు ప్రతిసారీ పెద్దగా పనిచెయ్యకపోవడానికి కారణం మొండి వైరస్ కాదు, నా బద్ధకం. మందు ఆపగలిగేది కాపీ అవ్వడాన్ని మాత్రమే. పొక్కు కళ్లకి కనిపించేసరికి కాపీలు చాలావరకూ అయిపోయి ఉంటాయి. చురుక్కుమన్నప్పుడే మొదలుపెట్టాలి. నేను సాయంత్రందాకా అద్దం చూసుకుంటూ గడిపాను.

బారసాల వీడియో కాల్‌లో చూశాను. పాపని మా పెదనాన్న కొడుకు ఉయ్యాల్లో వేశాడు. "అబ్బాయి రాలేదేంటి వదినా?" అని ఎవరో అడగడం వినిపించింది. "లీవు దొరకలేదమ్మా" అంది అమ్మ. "ఏం ఉద్యోగాలో ఏమో, మేనకోడలి బారసాలకి కూడా తీరదా" అన్నారింకొకరు. మైక్ ఆన్ చేసి జవాబు చెబుదామనుకున్నాను. హెర్పిస్ అన్న మాట పాతిక మంది చుట్టాల మధ్య స్పీకర్లో వినపడితే అమ్మ పరిస్థితి ఏంటో ఊహించుకుని మ్యూట్‌లోనే ఉండిపోయాను.

పన్నెండు రోజులకి పెచ్చు రాలి, చర్మం మామూలైంది. వెళ్లాను. చేతులు రెండుసార్లు కడుక్కున్నా అక్క ఇంకోసారి కడిగించింది. పెదవిని దీపం దగ్గర పెట్టి చూసి, అప్పుడు ఒళ్లో పెట్టింది పాపని. పట్టీలు రెండు సైజులు పెద్దవయ్యాయి.