నీస్ తీరం: కల్చర్ కాదు, కొట్లాట

ఫ్రాన్సు వెళ్ళొచ్చిన మన సవర్ణ మేధావుల్లో ఎవర్ని కదిపినా ఒకటే పాట. "అబ్బ, ఏం కల్చరండీ! ఎంత శుభ్రం, ఎంత మర్యాద! మనవాళ్ళకి ఎప్పుడొస్తుందో!" ఆ "మనవాళ్ళు"లో ఆయన ఉండడు. నువ్వూ నేనూ ఉంటాం.

పోయిన ఏడాది ఒక సదస్సు పని మీద ఫ్రాన్సు వెళ్ళి, రెండు రోజులు నీస్‌లో ఉన్నాను. మధ్యధరా సముద్రం ఒడ్డున, సినిమా పండగ జరిగే కాన్ పట్నానికి దగ్గర్లో ఉంటుంది. నీలి నీళ్ళు, తెల్లటి హోటళ్ళు, గులకరాళ్ళ ఒడ్డు. అందంగా లేదని అబద్ధం చెప్పను. ఆ అందం కల్చర్ వల్ల వచ్చిందనే అబద్ధాన్ని మాత్రం ఒప్పుకోను.

తీరం వెంట దాదాపు 7 కిలోమీటర్లు సాగే రోడ్డు పేరు ప్రొమెనాద్ దెజాంగ్లే. అంటే ఇంగ్లీషువాళ్ళ షికారు బాట. 1820ల మొదట్లో చలికి పంటలు పోయి, పని లేక, అడుక్కోవడానికి జనం పట్నంలోకి వచ్చారు. అక్కడ చలికాలం గడిపే ఇంగ్లీషు దొరలు వాళ్ళకి కూలి ఇచ్చి ఈ బాట వేయించారు. డబ్బు సమకూర్చినవాడు లూయిస్ వే అనే పాస్టరు. చందాలిచ్చినవాళ్ళ పేరు బాటకి ఉంది. రాళ్ళు మోసినవాళ్ళ పేరు లేదు. మన ఊరి చెరువు తవ్విందెవరో, శిలాఫలకం మీద పేరెవరిదో మీకు విడమరచి చెప్పాలా?

ఊరికి ఎగువన సిమియే గుట్ట మీద రెజీనా అనే పెద్ద హోటల్ భవనం, దాని ముందు విక్టోరియా రాణి విగ్రహం ఉన్నాయి. 1897 వసంతంలో ఆమె పరివారంతో సహా అక్కడ దిగింది. ఆమె ఏలుతున్న మన దేశంలో అప్పుడు కరువు. బళ్ళారి, అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల కూలి జనం గుప్పెడు గింజల కోసం కరువు పనులకి వెళ్ళారు. ఆ సోకులో మన ముత్తాతల ఆకలి కూడా ఉంది. కాబట్టి అక్కడ నేను నోరెళ్ళబెట్టి నిలబడలేదు.

బాట పొడుగునా నీలి రంగు కుర్చీలు ఉంటాయి. ఎవరైనా కూర్చోవచ్చు. గంటసేపు కూర్చున్నాను. పక్క కుర్చీలో ముసలాయన నా ఇంటిపేరు అడగలేదు. ఊళ్ళో ఏ వైపు ఇల్లని అడగలేదు. మా ఊరి రచ్చబండ మీద మా నాన్న ఈ రోజుకీ కూర్చోడు.

మరి కూలివాడి బిడ్డ ఆ ఒడ్డుకి ఎలా చేరాడు? దొరల మర్యాద వల్ల కాదు. 1936 మే, జూన్ నెలల్లో ఫ్రాన్సు కార్మికులు లక్షలాదిగా సమ్మె కట్టి, ఫ్యాక్టరీల్లోనే బైఠాయించారు. ఆ దెబ్బకి బ్లూమ్ ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు జీతంతో కూడిన సెలవు చట్టం చేసింది. రైలు టికెట్‌లో 40 శాతం తగ్గించింది. చాలామంది శ్రామికులు ఆ వేసవిలోనే మొదటిసారి సముద్రం చూశారు. దొరలకి ఒళ్ళు మండింది. "జీతం సెలవులోళ్ళు" అన్న మాటని తిట్టుగా వాడారు. వినగానే మనకో మాట గుర్తొస్తుంది కదా? "కోటాగాళ్ళు". హక్కునే తిట్టుగా మార్చే విద్య అన్ని దేశాల పైవాళ్ళకీ తెలుసు.

1986 జనవరి 3న వచ్చిన తీర చట్టం ప్రకారం అక్కడ బీచ్ జనం సొత్తు. నడిచి వెళ్ళడానికి అడ్డు ఉండకూడదు, డబ్బు అడగకూడదు. చట్టం ఉందని జనం నిద్రపోలేదు. 2015లో సౌదీ రాజు సెలవులకి వచ్చాడని వల్లోరిస్‌లో ఆయన బంగళా కింద ఉన్న బీచ్‌ని మూసేశారు. లక్షమందికి పైగా సంతకాలు పెట్టి తిరగబడ్డారు. ఆయన అనుకున్నదానికంటే ముందే సర్దుకుని వెళ్ళిపోయాడు.

అలాగని ఆ దేశాన్ని నెత్తిన పెట్టుకోవద్దు. 2016 జూలై 14న ఇదే బాట మీదికి ఒకడు లారీ తోలి 86 మందిని చంపాడు. చనిపోయినవాళ్ళలో ముస్లింలూ ఉన్నారు. అయినా కాన్, నీస్ లాంటి పట్నాలు ఒళ్ళంతా కప్పుకుని బీచ్‌కి వచ్చే ముస్లిం స్త్రీల మీద నిషేధం పెట్టాయి. నీస్ బీచ్‌లో ఒక స్త్రీ చుట్టూ పోలీసులు నిలబడి పైబట్ట తీయించిన ఫోటోలు ప్రపంచమంతా చూసింది. పక్కనున్న విల్నవ్-లూబే నిషేధాన్ని ఆగస్టు 26న అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం నిలిపేసింది. రాజుకి ఒడ్డు మొత్తం, పేద ముస్లిం స్త్రీకి పోలీసు. శుభ్రం గురించి మురిసిపోయే మేధావికి ఇది కనపడదు. పొద్దున్నే ఆ బాట ఊడ్చే నల్లవాళ్ళు కూడా కనపడరు.

నీటి కోసం కొట్లాడటం మనకి పరాయివాళ్ళు నేర్పాల్సిన పని కాదు. ఫ్రెంచి కార్మికుడికి సముద్రం దక్కడానికి తొమ్మిదేళ్ళ ముందే, 1927 మార్చి 20న, బాబాసాహెబ్ మహాడ్ చెరువులో దోసిలి ముంచాడు. ఆ హక్కు కోర్టులో నిలబడటానికి 1937 దాకా ఆగాల్సి వచ్చింది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని నరికి చంపారు. ఆ గొడవ మొదలైంది మనం తాగే చెరువు నీళ్ళని మురికి చేయొద్దన్నందుకు. శుభ్రం అడిగింది మనం. నరికింది వాళ్ళు. ఇప్పుడు మనకి శుభ్రం లేదంటున్నారు!

కారంచేడు బాధితులు తలదాచుకున్న చీరాల పక్కనే వాడరేవు, రామాపురం. అక్కడ ఇప్పుడు వరసగా రిసార్టులు. శనివారం సాయంత్రం మీలో కొందరు వెళ్తుంటారు. వెళ్ళండి, ఈత కొట్టండి, సముద్రం మీది కూడా. వెళ్ళినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ గోడ ఎవరి భూమిలో ఉంది? వల లాగే దారి ఎటు పోయింది? ఇక్కడ గదులు ఊడ్చేది ఏ పేట ఆడవాళ్ళు? వాళ్ళ పిల్లల్ని ఈ గేటు లోపలికి రానిస్తారా? జవాబులు రాసి పెట్టండి. ఫోటోల కంటే అవే మనకి పనికొస్తాయి.

జై భీమ్.