పరిచే ముందే తొలగింపును నిర్ణయించాలి

మిరప, టమాటా, పుచ్చ వంటి పంటలలో ప్లాస్టిక్ మల్చింగ్ షీటు ప్రయోజనాలు సుపరిచితమే. అది నేలలోని తేమను నిలుపుతుంది, కలుపును అణచివేస్తుంది, డ్రిప్పు ద్వారా అందించిన నీటికి పూర్తి ఫలితాన్ని రాబడుతుంది. అయితే పంట ముగిసిన తరువాత ఆ షీటు ఏమి కావాలన్న ప్రశ్నకు మన సాగు సిఫార్సులలో తగినంత చోటు దక్కడం లేదు. ఏ వస్తువుకైనా దాని తుది దశను తయారీకి ముందే నిర్ణయించాలి. ఈ సూత్రం వ్యవసాయంలో అన్నిటికన్నా ముందు వర్తించవలసినది మల్చింగ్ షీటుకే.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఎకరా, అంటే సుమారు 4,000 చదరపు మీటర్ల పొలంలో సగభాగాన్ని 25 మైక్రాన్ల షీటుతో కప్పామనుకుందాం. పాలిథీన్ సాంద్రత ఘనపు మీటరుకు దాదాపు 920 కిలోలు కనుక, పరిచిన ప్లాస్టిక్ బరువు 46 కిలోలు అవుతుంది. పంట చివర దానిని లాగినప్పుడు ఎండకు పెళుసుబారిన భాగం చిరుగుతుంది, మట్టిలో పూడ్చిన అంచులు అక్కడే ఉండిపోతాయి. చేతికి వచ్చినది కూడా మట్టితో, వేళ్లతో కలిసి ఉంటుంది కనుక పాత ప్లాస్టిక్ కొనేవారు దానిపై ఆసక్తి చూపరు. అందువల్ల అది గట్టున పోగుపడుతుంది, లేదా మంటలో కాలుతుంది. నేలలో మిగిలిన ముక్కలు ప్రతి దుక్కితో మరింత చిన్నవై, నీటి కదలికకూ వేరు పెరుగుదలకూ అడ్డంకులవుతాయి.

దీనికి రైతు నిర్లక్ష్యమే కారణమనడం సులభం, కాని న్యాయం కాదు. షీటు తిరిగి చేతికి వస్తుందా రాదా అన్నది కర్మాగారంలో దాని మందాన్ని నిర్ణయించిన నాడే చాలావరకు తేలిపోతుంది. చైనాలోని షిన్‌జియాంగ్ పత్తి పొలాలే ఇందుకు నిదర్శనం. అక్కడ 8 మైక్రాన్లు, అంతకన్నా పలుచని షీట్లను దశాబ్దాల పాటు విరివిగా వాడారు. ఖర్చు తగ్గింది, దిగుబడి పెరిగింది, కాని తీయబోతే చిరిగే షీటు ఏటేటా నేలలోనే పేరుకుంది. 2017లో ఆ దేశం ప్రమాణాన్ని సవరించి కనీస మందాన్ని 10 మైక్రాన్లకు పెంచింది. అప్పటికే నేలలో చేరినదానిని మాత్రం ఏ ప్రమాణమూ వెనక్కి తీయలేదు.

నేలలో కలిసిపోయే షీట్లు ఉన్నాయి కదా అన్న వాదన ఉంది. ఇందులో రెండు రకాలను వేరుచేసి చూడాలి. ఆక్సో రకం షీటు ముక్కలవుతుందే కాని పూర్తిగా విచ్ఛిన్నం కాదు. ఐరోపా సమాఖ్య 2019 నాటి ఆదేశం ద్వారా ఇటువంటి ప్లాస్టిక్ ఉత్పత్తులను నిషేధించింది. నిజమైన జీవవిచ్ఛిన్న షీటుకు 2018 నాటి ఐరోపా ప్రమాణం ఇ.ఎన్. 17033 కఠినమైన పరీక్ష పెట్టింది. రెండేళ్లలోపు నేలలో అందులోని కర్బనం కనీసం 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. అది నియంత్రిత ఉష్ణోగ్రతలో జరిగే ప్రయోగశాల పరీక్ష. సేంద్రియ కర్బనం తక్కువగా ఉండి, నెలల తరబడి ఎండిపోయే మన ఎర్రనేలలలో ఆ షీటు ఎలా ప్రవర్తిస్తుందో మన క్షేత్రాలలోనే పరీక్షించాలి.

బాధ్యత ఎవరిదన్నది కూడా అమ్మకానికి ముందే తేలాలి. మన దేశంలో 2022లో వెలువడిన ఉత్పత్తిదారుల విస్తృత బాధ్యత మార్గదర్శకాలు ప్యాకేజింగ్ ప్లాస్టిక్‌కు ఉద్దేశించినవి. పొలంలో పరిచే షీటు ప్యాకేజింగ్ కాదు. పురుగుమందుల ఖాళీ డబ్బాల విషయంలో బ్రెజిల్ 2000లోనే చట్టం చేసి బాధ్యతలను పంచింది. రైతు డబ్బాను కడిగి తిరిగి ఇవ్వాలి, విక్రేత ఎక్కడ ఇవ్వాలో తెలపాలి, తయారీదారు దానిని తరలించి తుది ఏర్పాటు చేయాలి. షీటుకు ఇటువంటి ఏర్పాటు ఎందుకు సాధ్యం కాదు?

మందమైన షీటు ఖరీదు ఎక్కువన్నది వాస్తవమే. అయితే పలుచని షీటు చౌక అనిపించడానికి కారణం, దానిని తొలగించే కూలి ఖర్చూ నేలకు జరిగే నష్టమూ లెక్కలోకి రాకపోవడమే. కనుక మల్చింగ్ ప్రయోగాలలో ఆదాయ-వ్యయ నిష్పత్తిని గణించేటప్పుడు తొలగింపు ఖర్చును తప్పక చేర్చాలి. పరిచిన బరువులో ఎంత శాతం తిరిగి వచ్చిందో దిగుబడి పట్టికలోనే నమోదు చేయాలి. విస్తరణ శాస్త్రవేత్తలు షీటు మందంతో పాటు దానిని తీయవలసిన సమయాన్నీ, అప్పగించవలసిన చోటునూ రైతుకు చెప్పగలగాలి. ఆ చోటు లేని మండలంలో ముందుగా దానిని ఏర్పాటు చేయించి, ఆ తరువాతే సిఫార్సు చేయడం మన వృత్తి ధర్మం.