నత్తల గద్ద, చెరుకు రైతు, నీళ్ళ షట్టరు

ఈ పోస్టు ఒక గద్ద గురించి. మన దేశపు పక్షి కాదు. అయినా నీళ్ళు, డీఏపీ, జమ్ము, గుర్రపు డెక్క అన్నీ ఇందులో ఉన్నాయి కాబట్టి మనకి కొత్త కథేం కాదు. కాస్త ఓపిగ్గా చదవండి.

అమెరికాలో ఫ్లోరిడా అని దక్షిణాన ఒక రాష్ట్రం. అక్కడ ఎవర్‌గ్లేడ్స్ అనే పెద్ద చిత్తడి నేల. అందులో స్నెయిల్ కైట్ అనే గద్ద ఉంటుంది, నేను నత్తల గద్ద అంటాను. కోడిపిల్లల జోలికి రాదు. దాని తిండి దాదాపు మొత్తం నీటి నత్తలే. కొడవలిలా వంగిన సన్నటి ముక్కుని గుల్లలోకి దూర్చి కండ లాగేస్తుంది. 1967 నుంచి అక్కడ అంతరించిపోయే జాబితాలో ఉంది. 1999లో సుమారు 3,500 ఉన్నవి 2008 నాటికి 700 దగ్గరికి పడిపోయాయి. ఎవరూ వేటాడలేదు. నీళ్ళ లెక్క తప్పింది, అంతే.

ఆ లెక్క రైతుకి చెప్తే ఇట్టే అర్థమవుతుంది. నత్త నీటిపైకి లేచిన కాడల మీద గుడ్లు పెడుతుంది. నీళ్ళు ఒక్కసారిగా పెరిగితే గుడ్లు మునిగి పోతాయి. ఒక్కసారిగా తీస్తే పెద్ద నత్తలు బురదలో కొన్నాళ్ళు తలదాచుకుంటాయి గానీ పిల్ల నత్తలు ఎండిపోతాయి. నత్త బతికేదే ఏడాది, ఏడాదిన్నర. ఒక ఏడు గుడ్లు దెబ్బతింటే మరుసటేడు గద్దకి తిండి లేదు. పైగా ఈ గద్ద గూడు పెట్టేది నీళ్ళలో ఉన్న పొదల మీద. కింద నీళ్ళుంటేనే దానికి కాపలా. నీళ్ళు తీసేస్తే పాములు, రకూన్ అనే జంతువులు నడుచుకుంటూ వచ్చి పిల్లల్ని తినేస్తాయి. గుడ్డు పెట్టిన దగ్గర్నించి పిల్ల ఎగిరేదాకా సుమారు రెండు నెలలు. ఆ రెండు నెలలు షట్టరు దగ్గర ఉన్నాయన చేతిలోనే దాని సంసారం.

అక్కడ ఒకీచోబీ అని ఒక చెరువుంది. చెరువంటే మన చెరువు కాదు, కొల్లేరు అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లైతే అది దానికి ఆరింతలు. 1928లో తుపానుకి గట్టు తెగి రెండున్నర వేల మంది పోయారు. దాంతో చుట్టూ పెద్ద కట్ట పోశారు, కాలవలు తవ్వారు, దక్షిణాన దాదాపు 7 లక్షల ఎకరాలు సాగులోకి తెచ్చారు. ఎక్కువ చెరుకే. దివిసీమ ఉప్పెన చూసిన మనం ఆ కట్టని తప్పుపట్టలేం. కానీ వానని బట్టి నిదానంగా పారే నీరు అప్పట్నించి షట్టర్ల ప్రకారం పారింది. దానికి కరువు కూడా తోడైంది. 2007లో ఆ చెరువు ఎన్నడూ లేనంతగా అడుగంటింది.

రెండోది ఎరువు. చెరుకు పొలాల నుంచి వచ్చే మురుగులో భాస్వరం ఎక్కువై, అక్కడి గడ్డి పోయి జమ్ము కమ్మేసింది. మన కొల్లేట్లో, డ్రెయిన్లలో చూసే జమ్ము లాంటిదే. గద్ద నీటి పైపైన ఎగురుతూ కంటితో వెతికి, కాళ్ళతో నత్తని తీసుకుంటుంది. జమ్ము, గుర్రపు డెక్క మూసేస్తే కింద వెయ్యి నత్తలున్నా దానికి కనపడవు.

1988లో కేంద్ర ప్రభుత్వమే రాష్ట్రం మీద కోర్టుకెళ్ళింది. 1994లో చట్టం వచ్చింది. చెరుకు రైతులు మురుగులో భాస్వరం 25 శాతం తగ్గించాలన్నారు. గోల గోల అయింది. వాళ్ళు చేసిందేంటో చూడండి: భూసార పరీక్ష చేయించి అవసరమైనంతే వేశారు. చేనంతా చల్లకుండా సాలు పక్కన పడేట్టు వేశారు. వాన పడగానే ఇంజన్లు పెట్టి తోడేయకుండా ఆ నీళ్ళని కొంతసేపు పొలంలోనే ఆపారు. కాలవల్లో పూడిక తీశారు. సగటున సగానికి పైగా తగ్గింది! మంచితనంతో చేశారని నేననను, చట్టం మెడ మీద కూర్చుంటే చేశారు. కానీ చేశారు. చెరుకు అక్కడ ఇంకా పండుతూనే ఉంది.

మధ్యలో ఒక వింత. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఇంకో నత్త, మామూలు దానికి రెండింతలుండేది, అక్కడి చెరువుల్లో పెరిగిపోయింది. మొదట్లో పిల్ల గద్దలు దాన్ని పట్టలేక జారవిడిచేవి. పెద్ద ముక్కున్న పిల్లలు ఎక్కువ బతికాయి. పదేళ్ళు తిరిగేసరికి గద్దల ముక్కులే పెద్దవయ్యాయని 2017లో పరిశోధకులు రాశారు. విత్తనం ఏరినట్టే అన్నమాట. గద్దలు మళ్ళీ రెండు వేలు దాటాయి. ఇది చదివి పరాయి నత్త మంచిదనుకునేరు! దాని చుట్టం ఒకటి 1980ల్లో తిండి కోసమని ఫిలిప్పీన్స్‌కి తెస్తే, లేత వరి నాట్లు మేసి రైతుల్ని ఏడిపించింది. ఎవరైనా పెంపకానికి గులాబీ రంగు గుడ్ల నత్తలు తెస్తామంటే ఊళ్ళోకి రానివ్వకండి.

నేను అనేది ఒకటే. పక్షి మాట ఎత్తగానే "అయితే మా పొలాలు మూసుకోమంటారా" అని మనం, "రైతులే నాశనం చేశారు" అని పట్నం వాళ్ళు. రెండూ తప్పుడు మాటలే. నీళ్ళు ఎంత అన్నదే కాదు, ఎంత నిదానంగా తీశారన్నది ముఖ్యం. అది పొలంలో ఉన్నవాడికి తెలిసినంత ఆఫీసులో ఉన్నవాడికి తెలియదు. అందుకే కొల్లేరు నీటి మట్టం గురించి మాట్లాడే చోట చేపల చెరువుల యజమానులు, అధికారులే కాదు, బుడమేరు, తమ్మిలేరు కింద వరి వేసేవాళ్ళూ కూర్చోవాలి. మన దగ్గర ఆ గద్ద లేదు గానీ నత్తగుల్ల కొంగ ఉంది. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూళ్ళు పెడుతుంది. దానిదీ నత్తల బతుకే.

ఇక మన వంతు. దమ్ములో డీఏపీ చల్లి, మర్నాడే నీళ్ళు ఎక్కువైనాయని గట్టుకి గండి కొడుతున్నాం. బస్తా డబ్బులు మనవి, బలం డ్రెయిన్లో జమ్ముకి. ఆ జమ్ము తీయించడానికి మళ్ళీ చందాలూ మనవే. మీ ఊళ్ళో డీఏపీ వేశాక ఎన్ని రోజులు నీళ్ళు బయటికి పోకుండా ఆపుతున్నారు? వాన పడితే ఏం చేస్తున్నారు? కింద రాయండి, ఈసారి నీటి సంఘం మీటింగులో ఆ లెక్క పెడదాం.