బొమ్మ ముందు డాక్టరు

విలియం కార్లోస్ విలియమ్స్ సాహిత్య లోకానికి కవి. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు చిన్న ఊరు రూథర్‌ఫర్డ్‌కు మాత్రం ఆయన పిల్లల డాక్టరు. పగలంతా కాన్పులు, జ్వరాలు, దగ్గులు. రోగికీ రోగికీ నడుమ కాస్త తీరిక చిక్కితే మందుల చీటీ మీదే నాలుగు పాదాలు. నలభై ఏళ్ల పాటు అలాగే నడిచింది. 1948లో గుండెపోటు, 1951లో పక్షవాతం వచ్చాయి. ఏడాది తిరిగాక పక్షవాతం మళ్లీ వచ్చింది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో కవితా సలహాదారు పదవి రాజకీయ ఆరోపణల మధ్య చేతిదాకా వచ్చి జారిపోయింది. 1953లో దిగులు ముదిరి ఆసుపత్రిలో చేరారు. కుడిచెయ్యి స్వాధీనంలో లేదు. చదవడమూ కష్టమైంది.

అలాంటి మనిషి చివరి రోజుల్లో పదహారో శతాబ్దపు చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ బొమ్మల మీద పది కవితలు రాశారు. టైపు మిషన్ మీద ఎడమచేత్తో ఒక్కో అక్షరం కొట్టుకుంటూ.

వాటిలో ఒకటి గోధుమ కోతల బొమ్మ మీద. 1565 నాటి ఆ చిత్రం ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. మిట్టమధ్యాహ్నం. చెట్టు దగ్గర కూలీలు గిన్నెలు పట్టుకుని తింటున్నారు. పక్కనే ఒకడు కాళ్లు బారజాపి, నోరు తెరిచి, ఒళ్లు తెలియని నిద్రలో ఉన్నాడు. కోతల కాలంలో మన గట్ల మీద అలాంటి నిద్ర చూడనివారుండరు. విలియమ్స్ కళ్లు అతని మీదే నిలిచాయి. జబ్బుతో చచ్చుబడ్డ చెయ్యి ఉన్నాయన, అలసి వాలిన ఆ ఒంటికేసి చూశారు. కానీ తన చేతి ఊసెత్తలేదు.

కష్టంలో ఉన్నవాళ్లకు ‘లోపలున్నదంతా కాగితం మీద పెట్టెయ్’ అని సలహా ఇస్తుంటాం. అది కొందరికి పనికొస్తుంది, కాదనలేం. విలియమ్స్ పట్టింది వేరే దారి. తన బాధను కాసేపు పక్కనబెట్టి ఎదుట ఉన్నదాన్ని ఉన్నట్టు చూడటం, చూసింది తేలిక మాటల్లో చెప్పడం. బ్రసెల్స్‌లో బ్రూగెల్‌దిగా పేరుపడ్డ, గ్రీకు పురాణగాథలోని ఇకారస్ చిత్రం ఉంది. రెక్కల మైనం కరిగి సముద్రంలో పడినవాడి కాళ్లు ఓ మూల కనీ కనిపించకుండా ఉంటాయి, రైతు తన దుక్కి తాను దున్నుకుంటుంటాడు. ఆ బొమ్మ చూసి ఇంగ్లిష్ కవి ఆడెన్ 1938లో లోకం తీరు మీద తీర్పు చెప్పారు. ఆ పది కవితల్లో ఒకటి అదే బొమ్మ మీద రాసిన విలియమ్స్ ఏ తీర్పూ చెప్పలేదు. ఏముందో చెప్పి ఊరుకున్నారు. పసిబిడ్డ నోరు విప్పి చెప్పలేని నొప్పిని ఒంటి రంగు, ఊపిరి చూసి పట్టుకునే వైద్యుడి చూపు అది. చెయ్యి పడిపోయినా ఆ చూపు పడిపోలేదు. ఆయన్ను నిలబెట్టింది అదేనని మాకనిపిస్తుంది.

ఆ కవితల సంపుటి 1962లో వచ్చింది. 1963 మార్చి 4న ఆయన కన్నుమూశారు. పులిట్జర్ బహుమతి ఆ తర్వాత, మేలో వచ్చింది.

మన ఇళ్లలోనూ మంచాన పడ్డ పెద్దలున్నారు. వాళ్ల ఎదుట రోజంతా టీవీ మోగుతుంటుంది. పాత చందమామ మీది వడ్డాది పాపయ్య అట్టబొమ్మో, బాపు బొమ్మో దొరికితే వారి చేతికివ్వండి. ఒంట్లో ఎలా ఉందని అడిగేముందు, బొమ్మలో ఏం కనబడుతోందో అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి. మాట తడబడితే తొందరపెట్టకండి.