మోతకు అలవాటు పడినది ఎవరు?



తెనాలిలో రైలు పట్టాల చెంత నివసించే వారిని రాత్రిళ్ళు నిద్ర ఎలా పడుతోందని అడిగి చూడండి. "మొదట్లో కష్టంగా ఉండేది ఉస్తాద్, ఇప్పుడు అలవాటైపోయింది" అంటారు. విజయవాడ-గూడూరు ప్రధాన మార్గంతో గుంటూరు, రేపల్లె మార్గాలు కలిసే జంక్షను అది. గేటు రాకముందే పట్టాల పక్కన పసుపు పలకపై 'డబ్ల్యూ/ఎల్', 'సీ/ఫా' అనే అక్షరాలుంటాయి. అక్కడ డ్రైవరు కూత వేసి తీరాలి. ప్రాణరక్షణ కోసం వేసే ఆ కూతను తప్పుపట్టలేము. 'అలవాటైపోయింది' అన్న మాటనే కొంత పరిశీలించాలి.

నిద్రలో కన్ను మూతపడుతుంది గాని చెవి మూతపడదు. మనిషి మేల్కొనకపోయినా మెదడు ఆ ధ్వనిని అందుకుంటుంది. ఒత్తిడి హార్మోన్లు రక్తంలోకి విడుదలవుతాయి, గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. తెల్లవారాక అతనికి ఏదీ గుర్తుండదు. అలవాటు పడినది మనస్సే. గుండెకు ఆ అలవాటు పూర్తిగా రాదు. ఏళ్ళ తరబడి ఇలా గడిస్తే రక్తపోటు, హృద్రోగాల ముప్పు పెరుగుతుంది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా ప్రాంతానికి ఇచ్చిన మార్గదర్శకాలలో రాత్రివేళ రోడ్డు మోత 45, రైలు మోత 44, విమాన మోత 40 డెసిబెల్స్ లోపుండాలని సూచించింది. పది డెసిబెల్స్ పెరిగితే ధ్వనిశక్తి పదింతలవుతుందని గ్రహించాలి.

విమానాల సంగతికి వస్తే, బాపట్ల వద్ద సూర్యలంకలో వైమానిక దళ కేంద్రముంది. అద్దంకి సమీపాన 16వ నంబరు జాతీయ రహదారిపై 4.1 కిలోమీటర్ల అత్యవసర రన్‌వే మీదికి 2024 మార్చి 18న యుద్ధవిమానాలు దూసుకువచ్చాయి. అయితే అది ఏనాడో ఒకనాటి గర్జన. రేపల్లె, బాపట్లల మీదుగా సాగే 216వ నంబరు రహదారిపై లారీల హారన్లు నిత్యం ఉండేవి. నా దృష్టిలో అసలు బాధ అదే.

పిల్లల విషయంలో నన్ను ఎక్కువగా కదిలించినది మ్యూనిక్ నగర ఉదంతం. 1992లో అక్కడి పాత విమానాశ్రయాన్ని మూసి, మరొకచోట కొత్తది తెరిచారు. పరిశోధకులు రెండు చోట్లా పిల్లలను ముందూ తరువాతా పరీక్షించారు. మోత ఆగిన చోట పిల్లల పఠనం, జ్ఞాపకశక్తి మెరుగయ్యాయి; మోత మొదలైన చోట అవే సన్నగిల్లాయి. హిఫ్జ్ చెప్పే వారికి ఇది వింతగా తోచదు. రోడ్డు వైపు కిటికీ దగ్గర కూర్చున్న విద్యార్థి గొంతు పెంచుతాడు, పక్కవాడు అతని కంటే పెంచుతాడు, చివరికి ఎవరి సబఖ్ వారికే వినబడదు. (మేము హిఫ్జ్ తరగతిని వెనుక గదికి మార్చాము. గది ఇరుకే, అయినా పాఠం నిలుస్తోంది.)

చట్టం లేకపోలేదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఆసుపత్రులు, పాఠశాలల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలం కాగలదు. అనవసరంగా హారన్ మోగిస్తే మోటారు వాహనాల చట్టం కింద మొదటిసారి వెయ్యి రూపాయల జరిమానా. పరిమితికి పది డెసిబెల్స్ మించిన మోతపై అధికారులకు ఫిర్యాదు చేయవచ్చు.

కాని ఫిర్యాదు చేయబోయే ముందు మన వలీమాల డీజేలు, అర్ధరాత్రి దాటిన జల్సాల మైకులు, రమజాను రాత్రులలో సైలెన్సరు తీసిన బైకులపై తిరిగే మన కుర్రవాళ్ళు ఎవరి నిద్ర చెడగొడుతున్నారో చూసుకోవాలి. ఆ గోడ అవతల బాలింత ఉండవచ్చు, గుండెజబ్బు మనిషి ఉండవచ్చు. హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి కంఠస్వరం తగ్గించుకోమని చెప్పిన హితవు మైకుకు వర్తించదని ఏ ఆలిమ్ అనగలడు?

ఇళ్ళలో తక్షణం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పసిపిల్లల, వృద్ధుల పడకలు రోడ్డు వైపు గది నుండి లోపలి గదికి మార్చండి. బట్టల బీరువాను రోడ్డు వైపు గోడకు ఆనించండి, కిటికీ సందులు మూయించండి. రోజంతా ఇంట్లోనే ఉండి మగవారి కంటే ఎక్కువ మోత భరించేది స్త్రీలు; నలభై దాటిన వారికి ఏడాదికొకసారైనా రక్తపోటు చూపించండి.